గిర్దావరు కోసం వేసిన పొయ్యి

మా ఊళ్ళో చట్టం తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన పేరు చంద్రప్ప. ఎంత చదివాడని మాత్రం అడక్కండి. ఉర్దూ బడిలో నాలుగో తరగతి దాకా వెళ్ళి, అయిదో తరగతి తన స్థాయికి తగదని గ్రహించి, ఇంటికొచ్చి వ్యవసాయం చూసుకున్నాడు. మరి చట్టం ఎలా అబ్బిందంటారా? ఎవరిదో గట్టు తగాదాలో సాక్ష్యం చెప్పమని పిలిస్తే వికారాబాదు కోర్టుకు వెళ్ళాడు. వాయిదా మీద వాయిదా పడింది. ఆయన తాండూరులో రైలెక్కి, వికారాబాదులో దిగి, కోర్టు వరండాలో కూచుని, వకీళ్ళు మాట్లాడుకునేది విని, సాయంత్రం బండికి తిరిగి వచ్చేవాడు. ఆ కేసు ఏమైందో ఎవరికీ గుర్తు లేదు. చంద్రప్ప సాక్ష్యం చెప్పే వంతు అసలు రాలేదనే వాళ్ళు కూడా ఉన్నారు. కానీ సాక్షిగా వెళ్ళినవాడు వకీలై తిరిగొచ్చాడు.

దానికి తగ్గట్టు ఒక నల్లకోటు కూడా దొరికింది. తాండూరు బజారులో ఎవరో ఊరు విడిచిపోతూ అమ్ముకున్న సామానులో అది కనబడితే కొనేశాడు. ఎవరి కొలతకు కుట్టారో గాని చేతులు జానెడు పొడుగు. ఎండాకాలం అరుగు మీది నాపరాయి కాలు మోపనీయకపోయినా, ఆ కోటు తొడుక్కునే దాని మీద కూచునేవాడు. ఫీజు తీసుకునేవాడు కాదు. ఆ మాట ఒప్పుకోవాలి. తీసుకుని ఉంటే బాగుండేది, జనం కాస్త ఆలోచించుకుని వచ్చేవారు.

నేను ఆ ఊరికి కోడలిగా వచ్చింది పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు. మా అత్తగారి ఇంటికీ చంద్రప్ప ఇంటికీ మధ్య ఒకటే గోడ, అది కూడా పొట్టిది. అందువల్ల ఈ కథలో నేను చూడనిది ఏదైనా ఉందంటే, అది విన్నదన్నమాట.

అవి ఎవరికీ దేని మీదా నమ్మకం లేని రోజులు. రజాకార్లు ఎప్పుడొస్తారో అన్న భయం పోయింది. ఆ తర్వాత ఎవరొస్తారో అన్న భయం పట్టుకుంది. జాగీర్లు పోయాయన్నారు. కౌలుకు చేసేవాడికే భూమి రాసిచ్చేస్తారన్నారు. ఒక్కో కుటుంబానికి ఇంతకు మించి ఉంచరన్నారు. ఎంతకు మించి అంటే చెప్పేవాళ్ళు లేరు. ఉన్నవాళ్ళకు నిద్ర లేదు, లేనివాళ్ళకు నమ్మకం లేదు. అందరూ కలిసి చంద్రప్ప అరుగు దగ్గరికి వచ్చేవాళ్ళు. పూడూరు నుంచి, కుల్కచర్ల నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఆ అయిదారేళ్ళలో ఆయనంత సంతోషంగా బతికిన మనిషి తాలూకా మొత్తంలో ఇంకొకడు లేడని నా నమ్మకం.

ఆయన సలహాలన్నిటికీ మూలం ఒకటే, పొయ్యి. మా వైపు అన్నదమ్ములు విడిపోతే భూములు పంచుకున్నారని ముందు అనరు, పొయ్యి వేరైందంటారు. చంద్రప్ప ఆ ముక్కను పట్టుకుని దాన్నొక చట్టం చేశాడు. మా మామగారు మల్లయ్య భయపడుతూ పోయి కూచున్న రోజు నేను గోడకు ఇవతల జొన్నలు చెరుగుతున్నాను.

"మల్లయ్యా, నీ ఇంట్ల పొయ్యిలెన్ని?"

"ఒక్కటే గద."

"గందుకే మునుగుతవ్. ఒక పొయ్యి అంటె ఒక కుటుంబం. రేపు గిర్దావరు వస్తడు. ఒక్క పొయ్యి జూస్తడు. గీ ఇంటికి భూమి ఎక్కువైందని రాసుకపోతడు. నీ కొడుకులు వేరు వోయిండ్రని చెప్పు, ఇంకో పొయ్యి పెట్టు."

"వాళ్లు వేరు వోలేదు గదనే."

"పోయినట్టు జెయ్యి. ఉత్తగనే."

గిర్దావరంటే ఊరూరా చేలు తిరిగి, ఏ భూమి ఎవరిదో, ఎవరు చేస్తున్నారో రాసుకునే రెవెన్యూ ఉద్యోగి. ఆయన మా వంటింట్లోకి ఎందుకు తొంగి చూస్తాడో మా మామగారు అడగలేదు. ఇంటికొచ్చి, పెరటి వసారాలో మట్టితో కొత్త పొయ్యి వేయించాడు. కొత్త పొయ్యి కొత్తగా కనబడితే అనుమానం వస్తుందని చంద్రప్ప మళ్ళీ కబురంపాడు. దానికి మసి పట్టించే పని చిన్న కోడలినని నా నెత్తిన పడింది.

మసి కోసం ముందు నీళ్ళు కాచాను. తర్వాత చాయ్ పెట్టాను. ఆ తర్వాత ఒకరోజు పప్పు ఉడకేశాను. అందులో ఉప్పు ఎంత వేయాలో నన్ను ఎవరూ అదిలించి చెప్పలేదు. ఉన్న మాట చెబుతున్నాను, నాకు ఆ పొయ్యి మహా నచ్చింది. మా తోటికోడలికీ నచ్చింది, నేను ఇవతల ఉన్నందుకు. ఏడాది తిరగకముందే మా ఆయనా, మా బావగారు ఎంకయ్యా నిజంగానే వేరు పోయారు. మా మామగారు కోపంతో ఊగిపోతూ వెళ్ళి చంద్రప్ప మీద అరిచాడు.

చంద్రప్ప కోటు చేతులు పైకి మడుచుకుని, "చూసినవా, చట్టం ముందుగాలనే చెప్పింది" అన్నాడు.

ఊరందరి ఇళ్ళూ ఇలా చక్కబెట్టాక చంద్రప్పకు తన ఇల్లు గుర్తుకొచ్చింది. ఆ ఇంట్లో ఆయన, భార్య పద్మమ్మ, కొడుకు బాల్‌రాజ్, ఇంకా వదిన భీమమ్మ ఉండేవాళ్ళు. చంద్రప్ప అన్న అనంతయ్య రజాకార్ల గడబిడ జరిగిన ఏడే జ్వరమొచ్చి పోయాడు. పిల్లలు లేరు. ఆ ఇంట్లో వండేది భీమమ్మ, వడ్డించేది పద్మమ్మ, తిని బాగోగులు చెప్పేది చంద్రప్ప. కందిపొట్టు బస్తాలు పెట్టే గదిలో ఒక మూల భీమమ్మకు చాప ఉండేది. ఆమెదంటూ వేరే ఏమీ లేదు. తను పితికే బర్రెను కూడా 'మీ బర్రె' అనే అనేది.

వాళ్ళకున్న భూముల్లోకెల్లా మంచిది కాగ్నా ఏటి ఒడ్డు నల్లరేగడి. ఏటి చేను అనేవాళ్ళు. కంది వేస్తే చెట్టు మనిషెత్తు పెరిగేది. చంద్రప్పకు ఎకరాలు ఎక్కువ, పొయ్యి ఒకటి. తన చట్టం ప్రకారం తనే మునగాలి. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆ ఉపాయం లోపల దాచుకోలేక అరుగు మీద అందరికీ విప్పి చెప్పాడు.

"మొగడు లేని ఆడిదాని పేరు మీద భూమి పెట్టుడంత పదిలం ఇంకోటి లేదు. బతికినన్ని దినాలు తిననీకె హక్కుంటది, అమ్మనీకె ఉండదు. ఆమె కండ్లు మూస్తె సక్కగ మన దగ్గరికే వస్తది. గవర్మెంటుకు దొరకదు, ఇంకోళ్లకు పోదు."

ఆ మాటలు అంటున్నప్పుడు అందరికీ చాయ్ తెచ్చి ఇస్తున్నది భీమమ్మే.

మా మామగారికి పాత కోపం ఉంది కదా, ఊరుకోలేదు. "మరి మల్ల నీకే రావాలెనని కాయితం రాసుకున్నవా?" అని అడిగాడు.

"పిచ్చోనివా మల్లయ్యా! గట్ల రాస్తె గిర్దావరుకు గుట్టు దొరుకుతది. మా వదినె నోరు లేని మనిషి. ఆమెకు కాయితమెందుకు?"

నోటిమాట గాలికి పోతుంది, కాగితం మీద పెట్టండి అని తాలూకా అంతటికీ చెప్పిన మనిషి ఈయనే. చట్టం ఊరికి, నమ్మకం ఇంటికి అనుకున్నాడు కాబోలు.

ఏటి చేను భీమమ్మ పేరున రాయించాడు. మొగుడి వాటా కింద తిండికి ఇచ్చామని అందరికీ చెప్పాడు. తన చట్టానికి తనే కట్టుబడి, వెనక వసారాలో ఆమెకొక వేరు పొయ్యి వేయించాడు. పొయ్యి అయ్యాక పాఠం మొదలుపెట్టాడు. గోడకు ఇవతల నేను పని మానుకుని విన్నాను.

"ఏటి చేను ఎవలదని అడుగుతడు. ఏమంటవ్?"

"మనదంట."

"మనది గాదు వదినె. నాదే సార్, నేనే జేస్కుంటున్న అను. జర గట్టిగ అను."

ఆమెకు ఆ మాట నోట్లోంచి రాలేదు. మొదలుపెట్టడం, మధ్యలో ఆగి కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం. ఎన్నో పెళ్ళిళ్ళకు వండి పెట్టిన మనిషికి ఆ నాలుగు ముక్కలు అనడం అంత కష్టమైంది. చంద్రప్ప విసుక్కున్నాడు, బతిమాలాడు, మళ్ళీ మొదటినుంచి చెప్పించాడు. ఆయన భోజనానికి వెళ్ళాక కూడా ఆమె పొయ్యి దగ్గర ఒక్కతే కూచుని మెల్లగా అనుకుంటూ ఉంది. నాకు నవ్వు రావాల్సింది, ఏడుపొచ్చింది.

భూములన్నీ కొత్తగా చూసి, కాస్రా పహాణీ అనే భూముల లెక్క రాసిన ఏడు గిర్దావరు నిజంగానే వచ్చాడు. చంద్రప్ప దగ్గరుండి ఆయన్ని వెనక వసారాలోకి తీసుకుపోయి, పొయ్యి చూపించాడు. అడగని మనిషికి మసి కూడా చూపించాడు. గిర్దావరు భీమమ్మ వైపు తిరిగి, "ఏటి చేను ఎవరిదమ్మా?" అన్నాడు.

"నాదే సార్. నేనే జేస్కుంటున్న."

ఆయన రాసుకుంటున్నాడు. ఆమె మళ్ళీ అంది, "నాదే."

ఆయన వెళ్ళిపోయాక చంద్రప్ప తెగ మురిసిపోయాడు. తన చదువు చెప్పడం అంత బాగుందని అరుగు మీద చెప్పుకున్నాడు. ఆ సాయంత్రమే ఒక గడ్డపార తెచ్చి, "ఇగ పని అయిపోయింది వదినె, పొయ్యి కూలగొడదాం" అన్నాడు.

"మల్ల వస్తె?" అంది భీమమ్మ. "గిర్దావరు ఎప్పుడన్న వస్తడని నువ్వే అంటివి గద."

తన మాటే ఎదురొచ్చేసరికి చంద్రప్ప గడ్డపార గోడకు ఆనించి వెళ్ళిపోయాడు. పొయ్యి ఉండిపోయింది. ఉన్న పొయ్యి చల్లగా ఉంటే గిర్దావరు నమ్మడని ఆమె రోజూ దాన్ని వెలిగించింది. వెలిగించాక ఊరికే ఎందుకని తన రొట్టె తను చేసుకుంది. మంటకు బస్తాల గది దూరమని చాప వసారాలోకి తెచ్చుకుంది. ఆ విధంగా పద్మమ్మకు తన ఇంటి పెద్ద పొయ్యితో పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి పరిచయమైంది. చంద్రప్ప మాడిన రొట్టె తుంచుతూ వెనక వసారా పొగ వైపు చూసేవాడు. వచ్చిన జనానికి చాయ్ మాత్రం భీమమ్మ పొయ్యి మీదే అయ్యేది, పద్మమ్మ చాయ్ తాగితే జనం మళ్ళీ రారని ఆయన భయం.

తర్వాత యాభయ్యారులో హిందువుల ఆస్తులకు కొత్త చట్టం వచ్చింది. చంద్రప్ప మామూలుగానే వికారాబాదు వెళ్ళి, కోర్టు వరండాలో ఒక పెద్ద వకీలు దగ్గర కూచుని దాని సంగతి విన్నాడు. కూతుళ్ళకు కూడా వాటా అంటే విన్నాడు. భర్త పోయిన స్త్రీ చేతిలో తిండి కోసం ఉన్న ఆస్తి ఇక పూర్తిగా ఆమెదే అవుతుంది, బతికినన్నాళ్ళే అనే షరతు పోయింది అనేసరికి కూచున్నవాడు లేచాడు. తన సంగతి ఎవరో మిత్రుడి సంగతి అని చెప్పి అడిగాడు.

"నీ దోస్తు ఏమన్న కాయితం రాసుకున్నడా?" అన్నాడు వకీలు.

"లేదు సార్."

"ఆ భూమి ఉత్తగ పేరుకే ఆమె మీద పెట్టిన, నిజానికి నాదే అంటడా?"

"గదే అంటడు సార్."

"గిర్దావరు ముందర ఆమెదే అని చెప్పించి, గిప్పుడు కాదంటె, గవర్మెంటును మోసం చేసిన అని తనే ఒప్పుకున్నట్టయితది. నీ దోస్తును నోరు మూసుకోమని చెప్పు."

ఇది చాలా మంచి సలహా. పాటిస్తే చంద్రప్ప బాగుపడేవాడు. చెప్పకపోతే భీమమ్మకు ఎలా తెలుస్తుంది? ఆమె చదువుకోలేదు, తాండూరు సంతకు తప్ప ఎక్కడికీ పోదు. ఏమీ రాయకుండా ఆమె కన్ను మూస్తే, పిల్లలు లేరు గనక భూమి భర్త తరఫు వాళ్ళకే వస్తుంది, అంటే చంద్రప్పకే. ఆయన చేయాల్సిందల్లా నోరు మూసుకోవడం. కానీ తెలిసిన సంగతి చెప్పకుండా కూచోవడం చంద్రప్ప వల్ల అయ్యే పనేనా?

నెల తిరగకుండానే పూడూరు నుంచి బీరన్న అనే ముసలాయన వచ్చాడు. కొడుకు పోయాడు, కోడలి పేరు మీద భూమి పెడదామనుకుంటున్నాడు. "నువ్వే చెప్పితివటగద చంద్రప్పా, మొగడు లేని ఆడిదాని పేరు మీద పెట్టుడు పదిలమని" అన్నాడు.

తన పాత సలహా తన ఎదుటే తప్పుగా నిలబడి ఉంటే చంద్రప్ప ఓర్చుకోలేకపోయాడు. "గది పాత మాట! కొత్త చట్టమొచ్చింది తెల్వదా? గిప్పుడు గట్ల పెట్టినవనుకో, భూమి ఆమెదే. అమ్ముకోవచ్చు, ఎవలకన్న రాసియ్యొచ్చు. అడ్డం వోయేటోడు లేడు. ఎప్పుడో ఇచ్చింది గూడ, గిప్పుడు ఆమె చేతుల ఉన్నదంటె, పూర్తిగ ఆమెదే" అని గడగడా చెప్పేశాడు.

చెప్పి, చాయ్ కోసం చేయి వెనక్కి చాపాడు. గ్లాసు అందించింది భీమమ్మ. ఆయన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"చక్కెర సాలిందా?" అంది ఆమె.

అక్కడినుంచి చంద్రప్ప బతుకు పరేషాన్ అయింది. నిన్నటిదాకా ఊపిరి ఉండగానే వీలునామా రాయండని ముసలివాళ్ళ వెంటబడిన మనిషి, వీలునామా రాస్తే ఆయుష్షు తగ్గుతుందని చెప్పడం మొదలుపెట్టాడు. పక్క ఊళ్ళలో నలుగురి పేర్లు కూడా చెప్పేవాడు, రాశారు, పోయారు అని. ఆయన మాట విని అప్పటికే రాసేసిన ముసలివాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చి తిట్టిపోయారు. ఇంట్లో మాత్రం వదిన మీద ప్రేమ పొంగింది. తాండూరు నుంచి జిలేబీ తెచ్చాడు. నేత చీర తెచ్చాడు. పొద్దున లేచి "వదినె, ఒళ్ళు మంచిగున్నదా?" అని అడిగేవాడు. ఇన్నేళ్ళలో ఆమెకు ఒళ్ళు ఒకటుందని ఆ ఇంట్లో ఎవరికైనా తోచడం అదే మొదలు.

కొన్నాళ్ళు ప్రేమ చూపి, ఒకరోజు ఒక కాగితం తెచ్చాడు. ఏటి చేను తన ఇష్టంతో మరిదికి తిరిగి ఇచ్చేస్తున్నానని అందులో రాసి ఉంది. "అందరం మల్ల ఒక్క పొయ్యి మీదనే ఉందాం వదినె. గీ వసారల నీకు చలి. గిక్కడ ఒక్క వేలిముద్ర ఎయ్యి" అన్నాడు.

నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. ఆమె మెత్తని మనిషి. కాదనడం ఎరగదు. ఆ వేలు ఒక్కసారి కాగితానికి తగిలిందా, పొయ్యి పోతుంది, వసారా పోతుంది, మళ్ళీ ఆ కందిపొట్టు గదిలో చాప, జీవితాంతం ఇంకొకరి వంట. గోడ దూకి ఆ కాగితం చింపేద్దామనిపించింది. కొత్త కోడలిని కాకపోయినా అంత ధైర్యం మాత్రం లేదు.

"నీ అరుగు మీద అందరికి ఏం జెప్తవ్? నలుగురి ముందల వేలు వెయ్యాలెనని గద. సంత నాడు చూద్దాం" అంది ఆమె.

సంతకు వెళ్ళేవాళ్ళు దారిలో చంద్రప్ప అరుగు దగ్గర ఆగి పోవడం అలవాటు. ఆ రోజు అరుగు నిండింది. మా మామగారు ఉన్నారు, మా ఆయన ఉన్నాడు, పూడూరు బీరన్న ఉన్నాడు. భీమమ్మ చాయ్ పట్టుకుని వెనక నుంచి రాలేదు. వీధిలోంచి చుట్టూ తిరిగి ముందు వైపు వచ్చింది. వచ్చిన జనం కూచునే రాతి మీద కొంగు సర్దుకుని కూచుంది. ఆ రాతి మీద ఒక ఆడమనిషి కూచోవడం అంతకు ముందు ఎవరం చూడలేదు.

"చంద్రప్పా, సలహా కావాలె" అంది.

"అడుగు వదినె."

"వీలునామా రాయాలె. నువ్వే రాయి. నీ అంత మంచిగ ఎవలు రాస్తరు?"

చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నారు. చంద్రప్ప ముఖం పాలిపోయింది. "ఆయుష్షు తగ్గుతది వదినె" అన్నాడు నీరసంగా.

"తగ్గనీ. ఏం జేస్కుంట పెరిగి?"

"ఎవలకు రాస్తవ్?"

"ఇంకెవలకు? నీకే."

చంద్రప్ప ఆ పొడుగు కోటు చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. నటన కాదు, నిజంగానే తడి వచ్చింది. వెంటనే కాగితం, కలం తెప్పించి, వికారాబాదు వరండాలో విన్న పెద్ద పెద్ద మాటలన్నీ వాడుతూ రాశాడు. ఎవరు, ఎవరి భార్య, స్వస్థబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా, ఏటి చేను హద్దులు నాలుగు వైపులా, నా మరిది చంద్రప్పకు. ఇంత శ్రద్ధగా ఆయన ఏ వీలునామా రాసి ఉండడు.

"రాసినవా? ఇగ గిది గూడ రాయి" అంది భీమమ్మ. "బతికినన్ని దినాలు తిననీకె హక్కు ఉన్నది. అమ్మనీకె లేదు. కుదువ పెట్టనీకె లేదు. ఆయన తర్వాత పద్మమ్మకు. ఆమెకు మాత్రం పూర్తి హక్కు."

కలం ఆగిపోయింది. "గట్లెందుకు వదినె?"

"నువ్వు నాకిచ్చినట్టే నీకిస్తున్న. ఒక్క మాట ఎక్కువ గాదు, తక్కువ గాదు."

మా మామగారు గొంతు సవరించుకుని, "రాయి చంద్రప్పా. నోటిమాట గాలికి పోతది, కాయితం మీద పెట్టాలెనని నువ్వే అంటవ్" అన్నాడు. మా ఇంట్లో రెండు పొయ్యిల కోపం ఆ ఒక్క మాటతో తీరింది. ఇంతమంది ముందు తనకు రాయడం రాదని చంద్రప్ప అనలేడు. రాశాడు. ఆమె వేలిముద్ర వేసింది. బీరన్న, మా ఆయన సాక్షి సంతకాలు చేశారు.

తలుపు దగ్గర నిలబడి విన్న పద్మమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత నేను ఉండబట్టలేక అడిగాను, "అత్తా, మొత్తం పద్మమ్మత్తకే రాయకపోయినవా? ఆయనకెందుకు?"

భీమమ్మ పిండి పిసుకుతూ, "ముందుగాలనే ఆమెకిస్తె ఆమెను బతకనిస్తడా బిడ్డా? నాకు తెచ్చినట్టె ఆమెకో కాయితం తెస్తడు. మొగని కాయితానికి పెండ్లాం వేలు వెయ్యకుంటదా? ఆయన తిననీ. తిని పోయినంక ఆమె తింటది" అంది. అంత లెక్క ఆ తలలో ఎప్పటినుంచి ఉందో నాకు తెలియదు. కోర్టు వరండాకు ఆమె ఎప్పుడూ వెళ్ళలేదు. చంద్రప్ప అరుగు వెనక చాయ్ గ్లాసులు పట్టుకుని ఏళ్ళ తరబడి నిలబడింది, అంతే.

ఆ తర్వాత భీమమ్మ బాగానే బతికింది. ఆయుష్షు తగ్గలేదు. కంది అమ్మిన పైసలతో వసారాకు తలుపు పెట్టించుకుంది. బర్రెను కొనుక్కుంది, దాన్ని 'నా బర్రె' అంది. అరవై దాటాక ఒక చలికాలం పొద్దున్నే రొట్టె చేసుకుని తిని, తలుపు దగ్గర ఎండలో కూచుని, అట్లాగే పోయింది. చంద్రప్ప వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన ఏడుపు నిజమే. కర్మలు ముగిశాయో లేదో, వీలునామా చంకలో పెట్టుకుని వికారాబాదు రైలెక్కిన మాట కూడా నిజమే.

పెద్ద వకీలు మొత్తం చదివి, అద్దాలు తీసి, "ఎవలు రాసిండ్రు గిది? ఒక్క సందు లేదు. ఎంత పెద్ద వకీలుకు గూడ పగలగొట్ట శక్యం గాదు" అన్నాడట.

"నేనే సార్" అన్నాడట చంద్రప్ప.

ఆ మెప్పును ఆయన చచ్చేదాకా అరుగు మీద చెప్పుకున్నాడు. అది ఏ కాగితమో మాత్రం కొత్తవాళ్ళకు చెప్పేవాడు కాదు.

ఏటి చేనును ఆయన బాగానే చూసుకున్నాడు. తినే హక్కు ఉన్నన్నాళ్ళు తిన్నాడు. కొన్నేళ్ళకు ఆయనా పోయాడు. తాలూకాలో అందరి చేతా ఆస్తుల ఏర్పాటు చేయించిన మనిషి తన మిగతా భూముల గురించి ఒక్క ముక్క కూడా రాసి పెట్టలేదు. ఆయుష్షు తగ్గుతుందన్న తన మాట తనే నమ్మాడేమో! ఆ నల్లకోటును పద్మమ్మ ఎవరికీ ఇవ్వలేదు. ఏటి చేనులో చిలుకలు కంది కాయ కొట్టకుండా బెదురుబొమ్మకు తొడిగింది. చేతులు దానికి సరిపోయాయి.

పేర్లు మార్చే విచారణకు కొత్త గిర్దావరు వస్తాడని తెలిసి బాల్‌రాజ్ తల్లికి పాఠం మొదలుపెట్టాడు. బాల్‌రాజ్ చెడ్డవాడు కాదు, తండ్రి కొడుకు. అదే గోడకు ఇవతల, అదే చోట నేను నిలబడి విన్నాను.

"అవ్వా, ఏటి చేను ఎవలదని అడుగుతడు. నా కొడుకుది సార్, వాడే జేస్తున్నడు అను. గంతే. నువ్వు ఇంకేం మాట్లాడకు."

పద్మమ్మ సరేనన్నట్టు తలూపింది. ఎప్పుడూ ఊపినట్టే ఊపింది. నాకు ఒళ్ళు మండింది. ఇంత చేసి పోయిన భీమమ్మత్త కష్టమంతా ఈ తలాడింపుతో పోతుందనుకున్నాను.

మర్నాడు గిర్దావరు వచ్చి అరుగు మీద కూచున్నాడు. బాల్‌రాజ్ తల్లి వెనకే నిలబడ్డాడు.

"అవ్వా, గీ ఏటి చేను ఎవలది?"

పద్మమ్మ కొంగు నోటి దగ్గరికి తీసుకుంది. బాల్‌రాజ్ చిన్నగా దగ్గాడు. ఆమె కొంగు కిందికి దించింది.

"నాదే సార్. నేనే జేస్కుంటున్న."

బాల్‌రాజ్ ఏదో అనబోయాడు. గిర్దావరు అప్పటికే రాసుకుంటున్నాడు. పద్మమ్మ లేచి, వెనక వసారాలోకి వెళ్ళి, భీమమ్మ పొయ్యి వెలిగించి ఆయనకు చాయ్ పెట్టింది.